జాషువా నమ్మిన క్రీస్తు

ఏటా సెప్టెంబరు 28 రాగానే తెలుగు నేల మీద గుర్రం జాషువా విగ్రహాలకు పూలమాలలు పడతాయి. సభల్లో ఎవరో ఒకరు ‘గబ్బిలం’ పద్యాలను రాగమెత్తి పాడతారు. అభ్యుదయవాదులు ఆయన హేతుదృష్టిని కొనియాడతారు. జాతీయవాదులు గాంధీ మీదా, నేతాజీ మీదా ఆయన రాసిన కావ్యాలను గుర్తు చేస్తారు. దళిత ఉద్యమకారులు కులవ్యవస్థ మీద ఆయన సాగించిన పద్యయుద్ధాన్ని తలచుకుంటారు. ఇవన్నీ న్యాయమైన స్మరణలే. అయితే ఆయన క్రైస్తవుడన్న సంగతి మాత్రం ఈ సభల్లో ఒక జన్మవివరంగానే మిగిలిపోతుంది. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, మతం అని దరఖాస్తు నింపినట్టుగా చెప్పి వక్తలు ముందుకు సాగిపోతారు. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆయనకు వచ్చింది ‘గబ్బిలా’నికి కాదనీ, ‘క్రీస్తు చరిత్ర’కనీ చెప్పినప్పుడు సాహిత్య విద్యార్థులు సైతం ఆశ్చర్యపోవడం నా తరగతిలో చాలాసార్లు గమనించాను.

ఈ మౌనానికి కారణం లేకపోలేదు. మతాన్ని వ్యక్తిగత విషయంగా చూడటం మన విమర్శకు అలవాటు. పైగా జాషువా చర్చితో తలపడ్డ మనిషి, మూఢాచారాలను ఎండగట్టిన కవి. అందుచేత ఆయన విశ్వాసాన్ని పక్కన పెట్టి చదివినా నష్టం లేదని చాలామంది భావిస్తారు. నా అభిప్రాయం వేరు. రోజువారీ అవమానాన్ని తట్టుకుని నిలబడటానికి ఆయనకు అందిన బలాల్లో క్రీస్తు ఒకటి. ఆ బలం ఆయనకు పీఠం నుంచి కాక పాలెం నుంచి సంక్రమించింది. ఈ మాట అర్థం కావాలంటే ఆయన పుట్టుకకు మూడు దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

1866లో ఒంగోలులో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తన భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. ఆయనది ఒంగోలుకు పడమరన ఉన్న తాళ్లకొండపాడు, వృత్తి తోళ్ల వ్యాపారం. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు. మొదట్లో పై కులాల వారు కూడా ఆయన బోధల పట్ల ఆసక్తి చూపారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రాలేమన్నారు. క్లౌ దంపతులు తర్జనభర్జన పడి చివరకు మాదిగల పక్షాన నిలిచారు. తెలుగు దేశంలో క్రైస్తవం ఏ వాడలో వేళ్లూనుకోవాలో ఆ నిర్ణయంతో తేలిపోయింది.

కొత్తగా చేరినవారికి మూడు నియమాలు ప్రధానంగా ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. పైకి ఇవి ఏ మతబోధకుడైనా విధించే కట్టుబాట్లలాగే కనిపిస్తాయి. పల్లె ఆర్థిక వ్యవస్థలో వాటి అర్థం వేరు. ఆదివారం పని మానడమంటే ఆసామి కబురు పెట్టినా వెళ్లకపోవడం. గొడ్డు మాంసం మానడమంటే చచ్చిన పశువును ఈడ్చి, తోలు తీసి, రైతుకు చెప్పులు కుట్టి ఇచ్చి, అందుకు ప్రతిఫలంగా ఆ కళేబరాన్నే పుచ్చుకునే ఏర్పాటును ప్రశ్నించడం. విగ్రహాన్ని కొలవకపోవడమంటే అమ్మవారి జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. ఈ మూడు నిరాకరణలకు ఊరు ఏమి బదులిచ్చిందో ఊహించడం కష్టం కాదు. నీళ్లు బంద్ అయ్యాయి, కూలి బంద్ అయింది, దెబ్బలు పడ్డాయి. అయినా జనం వెనక్కి తగ్గలేదు. మిషనరీల నివేదికలు ఈ స్థైర్యాన్ని దైవకృప ఖాతాలో వేశాయి. సమ్మె చేయడానికి సంఘం లేని మనుషులకు ఆదివారం ఒక సమ్మె దినంగా అందివచ్చిందని ఆ నివేదికలు చదివేటప్పుడు నాకు అనిపిస్తుంది. ఆ జనం మాత్రం ఈ రెంటినీ వేరు చేసి చూసి ఉండరు.

1876–78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని మహాకరువు పట్టి పీడించింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పనులు సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ముట్టుకుంటే మైల అన్న చేతులు ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వందలాది తలలను తాకి నీటిలో ముంచి లేపాయి. గణాంకం కంటే నాకు ఈ సంగతే ముఖ్యంగా తోస్తుంది.

ఒంగోలు నుంచి ఈ ఉద్యమం వినుకొండ, నరసరావుపేట, బాపట్ల ప్రాంతాలకు పాకింది. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో అప్పటికే 1842లో వచ్చిన జర్మన్-అమెరికన్ మిషనరీ హేయర్ నాటిన లూథరన్ సంఘాలు ఉన్నాయి. ఇలాంటి వినుకొండలో 1895 సెప్టెంబరు 28న జాషువా పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. కులాంతర దంపతుల బిడ్డకు ఊళ్లో చోటు తండ్రి కులాన్ని బట్టి కాక తల్లి కులాన్ని బట్టి నిర్ణయమైంది. బిడ్డకు యెహోషువ పేరు పెట్టారు. మోషే తర్వాత బానిసత్వం నుంచి బయటపడ్డ జనాన్ని వాగ్దత్త భూమికి నడిపించినవాడి పేరది. పేరు మారింది గానీ బడిలోనూ బావి దగ్గరా చూపు మారలేదు.

బాలుడికి బొమ్మలు గీయడమన్నా, పాడటమన్నా ప్రాణం. పద్యం మీద మక్కువ పెరిగింది. పద్యవిద్య మాత్రం అగ్రహారాల సొత్తుగా ఉన్న కాలమది. జూపూడి హనుమచ్ఛాస్త్రి ఆ కట్టుబాటును పక్కన పెట్టి ఆయనకు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చెప్పారు. ఇది చెప్పకుండా జాషువా జీవితం చెప్పడం అన్యాయం. ఆయనను తరిమినవారూ, ఆయనకు తలుపు తీసినవారూ ఒకే వీధిలో ఉన్నారు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన తన పద్యాలు చదివినప్పుడు, తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారంటూ కొందరు అల్లరి చేశారు. పద్యంలో గణాలు సరిపోయాయా, యతి కుదిరిందా అని ఎవరూ అడగలేదు.

బతుకుతెరువు కోసం ఆయన పడ్డ పాట్లు పలు రకాలు. 1910లో మేరీతో వివాహమైంది. మిషన్ పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేశారు. ఆ ఉద్యోగం పోయింది. 1915–16 ప్రాంతంలో రాజమండ్రి వెళ్లి సినిమా వాచకుడయ్యారు. మాటలు లేని సినిమాల కాలమది. తెర మీద బొమ్మ కదులుతుంటే చాటున నిలబడి కథనూ సంభాషణలనూ వినిపించడం వాచకుడి పని. మహాకవి కాబోయే మనిషి చీకట్లో నిలబడి ఇతరుల బొమ్మలకు గొంతు అరువిచ్చాడన్నమాట! తర్వాత గుంటూరులో లూథరన్ సంఘం నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారు. 1928 నుంచి 1942 దాకా అక్కడే ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. ఉభయభాషా ప్రవీణ పట్టా సంపాదించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడిగా చేశారు. 1957–59 మధ్య మద్రాసు రేడియో కేంద్రంలో పనిచేశారు. ఈ ఉద్యోగాల జాబితాలో స్థిరత్వం కోసం వెతుకులాట తప్ప వేరే ఏమీ లేదు.

ఇక ఆయనకు చర్చితో వచ్చిన తగాదా. రుక్మిణీ కల్యాణం, కుశలవోపాఖ్యానం వంటి పురాణ వస్తువుల మీద ఆయన తొలినాళ్ల రచనలు సాగాయి. సంస్కృత కావ్యాలు చదువుకుని పద్యం అల్లే యువకుడు ఆ వస్తువుల జోలికి పోవడంలో వింతేమీ లేదు. సంఘ పెద్దలకు అది మతద్రోహంగా తోచింది. హిందూ దేవతల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ సమాజం ఆయనను వెలివేసింది. ఊరు వెలివేసిన మనిషిని, వెలివేయబడ్డవారి సంఘం మళ్లీ వెలివేసింది. పల్లెలో ఒక వెలి, పాలెంలో ఒక వెలి.

దీన్ని సంకుచితత్వం అని కొట్టిపారేసే ముందు ఆ సంఘం స్థితిని కూడా తూచాలి. విగ్రహారాధన మానడం వారికి డప్పు మానడంతో ముడిపడిన విషయమని పైన చెప్పాను. దెబ్బలు తిని విడిచిపెట్టిన గుడి వైపు తమ బిడ్డ పద్యంతో తిరిగి నడుస్తున్నాడని వారు భయపడి ఉండవచ్చు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ వారు చూడలేకపోయింది ఒకటుంది. జాషువా గుడి వైపు నడిచింది కొలవడానికి కాదు.

1941లో వెలువడ్డ ‘గబ్బిలం’ ఆ నడక ఎటో తేల్చి చెప్పింది. తంజావూరు సీమలో ఒక అరుంధతీయుడు, పేదవాడు, తన బాధను కాశీ విశ్వనాథునికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, ఇతడికి గుడ్డిదీపం చుట్టూ తిరిగే గబ్బిలం దొరికింది. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. గర్భగుడిలో తలకిందులుగా వేలాడే ఆ జీవి, పూజారి లేని సమయం చూసి, స్వామి చెవిలో ఈ మాట వేయాలి. క్రైస్తవ కవి కథానాయకుడు శివుడికి ఎందుకు మొరపెట్టుకున్నాడని కొందరు అడుగుతారు. తలుపు ఎవరి పేరిట మూశారో ఫిర్యాదు ఆయన దగ్గరే కదా ఇవ్వాలి. తన తల్లి జనం తరఫున దావా వేసిన వకీలు జాషువా.

దీనికి మరో పార్శ్వం ఉంది. ‘గబ్బిలం’ ఆకృతి మేఘసందేశం నుంచి వచ్చిందన్నది అందరూ చెప్పే మాట. ఆ మొర స్వభావం ఎక్కడి నుంచి వచ్చిందో పెద్దగా ఎవరూ అడగలేదు. యక్షుడిది విరహం. ప్రియురాలికి కబురు తప్ప అతడికి దేవుడితో పేచీ లేదు. ‘గబ్బిలం’ నాయకుడు దేవుడిని నిలదీస్తాడు. నీవు న్యాయమూర్తివైతే ఈ అన్యాయాన్ని ఎలా చూస్తూ ఊరుకున్నావన్నది అతడి ప్రశ్న సారం. బైబిలు పాత నిబంధనలో యోబు గ్రంథం, దావీదు కీర్తనల్లో చాలా భాగం ఇదే ధోరణిలో నడుస్తాయి. దేవుడి మీద నమ్మకం ఉంచుతూనే దేవుడి ముందు వ్యాజ్యం పెట్టే ప్రార్థన అది. వినుకొండ చర్చి వాతావరణంలో పెరిగిన పిల్లవాడి చెవిన ఆ కీర్తనలు పడకుండా ఉండటం అసాధ్యం. కాళిదాసు నుంచి దారి, కీర్తనల నుంచి గొంతు తీసుకుని ఆయన ‘గబ్బిలం’ కట్టారని నేను భావిస్తాను. ఇది నా ఊహే. కానీ కావ్యాన్ని ఈ కోణం నుంచి చదివితే అందులోని భక్తీ, ధిక్కారమూ పరస్పర విరుద్ధాలుగా కనిపించవు.

పల్లెల్లో ఇంకో విడ్డూరం నడిచింది. శ్మశానం మీద జాషువా రాసిన పద్యాలు ఆయన పేరు కంటే ముందుగా జనంలోకి వెళ్లాయి. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను రాగానే నటులు ఆ పద్యాలు ఎత్తుకునేవారు, ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ కొట్టేవారు. సభలో కూర్చోనివ్వని మనిషి పద్యాన్ని రాత్రంతా మేలుకుని, మళ్లీ మళ్లీ పాడించుకుని విన్నారు. రాజు, పేద అందరూ ఒకే మట్టిలో కలుస్తారన్న ఆ పద్యాలకు చప్పట్లు కొట్టి, తెల్లవారి ఎవరి వీధికి వారు, ఎవరి బావికి వారు వెళ్లారు.

గౌరవాలు కూడా వచ్చాయి. అవధాన విద్యకు పర్యాయపదంగా నిలిచిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. ఒక బ్రాహ్మణ పండితుడు ఒక దళిత కవి పాదాన్ని తాకడం ఆ రోజుల్లో ఎంతటి మాటో నేటి విద్యార్థికి విడమరిచి చెప్పాల్సి వస్తుంది. 1964లో శాసన మండలి సభ్యత్వం, అదే ఏడాది అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వరించాయి. బిరుదులకు కొదవ లేదు. సన్మానం జరిగిన ఊళ్లోనే భోజనం దగ్గర కులం గుర్తుకు రావడం కూడా ఆ తరం దళిత కవులకు, అధ్యాపకులకు కొత్త అనుభవం కాదు.

ఇన్ని గౌరవాల మధ్య, వయసు మీద పడుతున్న కాలంలో, ఆయన క్రీస్తు కథను చేపట్టారు. వెలివేసిన సంఘానికి ఇది క్షమాపణ అనుకునేవారున్నారు. రాజీ అనేవారూ ఉన్నారు. రెండూ నాకు సరిపడవు. తెలుగులో క్రైస్తవ సాహిత్యం అప్పటికి ప్రధానంగా కీర్తనల సాహిత్యం. 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి వంటివారు రాసిన కీర్తనలు నేటికీ చర్చిల్లో పాడుతున్నారు. పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవారు. జాషువా మాదిగ తల్లి బిడ్డ. ఆయన కీర్తన జోలికి పోకుండా ప్రబంధ కవుల సొత్తయిన పద్యాన్నే ఎంచుకుని, వడ్రంగి ఇంట పెరిగిన యేసును ఉత్పలమాలల్లో, కందాల్లో కూర్చోబెట్టారు. రాజులకు, అవతార పురుషులకు కేటాయించిన ఆసనమది. పశువుల పాకలో పుట్టినవాడికి, చేపలు పట్టేవారితో తిరిగినవాడికి, ఎవరూ కలిసి భోంచేయని మనుషుల బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఆ ఆసనం వేయడం పండిత సభకు జాషువా ఇచ్చిన జవాబు.

చర్చికి కూడా అందులో జవాబుంది. సువార్తల ప్రకారం యేసును కొట్టింపించింది రోము సైనికుల చేత. పట్టించింది మాత్రం సొంత జనంలోని మతాధికారులు. సిలువ వేసింది పట్టణ ద్వారానికి వెలుపల. ఊరికి వెలుపల అన్న మాట యూరప్ విశ్వాసికి ఒక భౌగోళిక వివరం మాత్రమే. తెలుగు మాలపల్లె, మాదిగవాడ విశ్వాసికి అది తన చిరునామా. ఊరు, సంఘం రెండింటి చేతా గెంటివేతకు గురైన కవికి ఆ కథలో తన కథ కనబడకుండా ఉంటుందా? సంఘం కార్డు ఉన్నా లేకున్నా, వెలుపల నిలబడ్డ దేవుడు ఆయనకు పక్కవాడే. రోజూ పని దగ్గరా, ప్రయాణంలోనూ, సభలోనూ కులం అడిగే లోకంలో ఆ సహవాసం ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. దీన్ని మత్తుమందు అని తేల్చేసేవారు పాలెంలో ఒక్క ఆదివారమైనా కూర్చుని చూడాలని నా మనవి. వారమంతా పేరులో సగం మాత్రమే పిలిపించుకునే మనిషిని ఆ పూట పూర్తి పేరుతో, అయ్యా అని, అమ్మా అని పిలుస్తారు.

ఆయన విశ్వాసం ఇరుకుది కాదనడానికి సాక్ష్యం ఆయన ఇంట్లోనే ఉంది. కుమార్తె హేమలతను నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణానికి ఇచ్చి వివాహం చేశారు. కులానికీ మతానికీ కట్టుబడని పెళ్లి అది. హేమలతా లవణం తర్వాత స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్ర మోస్తున్న కుటుంబాల మధ్య, నిజామాబాద్ ప్రాంతంలో జోగినుల మధ్య దీర్ఘకాలం పనిచేశారు. తండ్రి దేవుడిని అడిగిన ప్రశ్నకు కుమార్తె దేవుడి ప్రస్తావన లేకుండా జవాబు వెతికారు. ఇద్దరి మధ్య దీనిపై ఎడబాటు రాలేదు.

నేను ఈ జీవితాన్ని ఇప్పుడు గుర్తు చేయడానికి ఒక తక్షణ కారణం ఉంది. 1950 ఆగస్టు 10న వెలువడ్డ రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వులోని మూడో పేరా, హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులానికి చెందడని శాసించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. క్రైస్తవంలో కులం లేదు గనుక అంటరానితనం ఉండదన్నది దీని వెనకున్న తర్కం. ‘గబ్బిలం’ రాసిన మనిషి, తన మతాన్ని ప్రకటించుకుని బతికినంత కాలం, ఈ తర్కం ప్రకారం అంటరానితనం సోకనివాడు!

1985లో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆదిద్రావిడ క్రైస్తవుడు వేసిన వ్యాజ్యమది. అదే పని చేసే హిందూ ఆదిద్రావిడులకు ప్రభుత్వం ఉచితంగా బడ్డీలు ఇచ్చింది, ఆయనకు ఇవ్వలేదు. ఒకే రోడ్డు, ఒకే ఆరె, ఒకే కులం. మతం మారాక కూడా పాత వైకల్యాలు అదే తీవ్రతతో క్రైస్తవ సమాజంలో కొనసాగుతున్నాయని రుజువు చూపాలని కోర్టు అన్నది. చూపలేదంటూ వ్యాజ్యాన్ని తోసిపుచ్చింది. పేరయ్య నుంచి సూసై దాకా 120 ఏళ్లు. చేతిలో తోలు మారలేదు.

రుజువు కావాలంటే చర్చి లోపలా వెలుపలా పుష్కలంగా దొరుకుతుంది. కోస్తాలో బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, లూథరన్ సంఘాల్లో మాలలు అధికం కావడం యాదృచ్ఛికం కాదు. మతం పేరు మీద కులం గీత అలాగే నిలిచింది. క్యాథలిక్ సంఘాల్లో రెడ్డి, కమ్మ క్రైస్తవుల పెళ్లి సంబంధాలు కులం దాటవు. తెలుగువారిలో తొలి కార్డినల్, ప్రపంచంలోనే తొలి దళిత కార్డినల్ అయిన పూల ఆంథోనీకి ఆ హోదా దక్కింది 2022లో. అప్పటిదాకా ఎందుకు పట్టిందో చర్చి చెప్పుకోవాలి. ఈ విషయంలో చర్చికి ప్రభుత్వం మీద వేలెత్తి చూపే నైతిక హక్కు అంతంత మాత్రమే.

మన రాష్ట్రాల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారిని బి.సి.–సి వర్గంలో చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ మాత్రం దానితో రాదు. కొట్టేవాడు మతం అడిగి కొట్టడు, చట్టం మాత్రం మతం అడిగి కాపాడుతుంది. దరిమిలా లక్షలాది కుటుంబాలు రెండు పేర్లతో బతుకుతున్నాయి. చర్చి రిజిస్టరులో ఒకటి, కులధ్రువీకరణ పత్రంలో ఒకటి. వీరిని దొంగ హిందువులని ఒకరు, దొంగ క్రైస్తవులని మరొకరు నిందిస్తారు. బిడ్డ చదువుకూ, తల్లి ప్రార్థనకూ మధ్య ఎంచుకోమనడం ఏ లౌకిక రాజ్యానికీ తగదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ మూడో పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా కోరుతూ తీర్మానించింది.

ఈ హోదా ఇస్తే ఉన్న వాటా పలచబడుతుందని హిందూ దళితుల్లో కొందరు ఆందోళన పడుతున్నారు. ఆ ఆందోళన అబద్ధం కాదు. జనాభా పెరిగినప్పుడు శాతం పెరగాలన్న డిమాండుతో కలిపి దీన్ని అడగాలి తప్ప, ఒకే తల్లి బిడ్డలను చర్చికి వెళ్లినవాడు, వెళ్లనివాడు అని విడదీయడం దారి కాదు.

కమిషన్ల ముందు సాక్ష్యాలు ఇవ్వడానికి వెళ్లే సంఘాలు గణాంకాలు మోసుకుపోతున్నాయి, అవి కావలసిందే. వాటితోపాటు ‘గబ్బిలం’, ‘క్రీస్తు చరిత్ర’, జాషువా స్వీయకథ ‘నా కథ’ ప్రతులను కూడా తీసుకెళ్లవచ్చు. బాప్తిస్మం పొందిన కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో పనిచేసి, చర్చి భాషలో ప్రార్థించి, చివరకు క్రీస్తు మీద కావ్యం రాసిన మనిషిని కులం ఎక్కడెక్కడ ఆపి అడిగిందో అందులో ఉంది. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూసే నాటికి ఆ మూడో పేరాకు 21 ఏళ్లు నిండవస్తున్నాయి.